పత్రిక ఉద్యోగం మానేసి ఫ్రీలాన్స్ రాతపని మీద బతకొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

మూడోపేజీ (ఖమ్మం), 2025 ఆగస్టు 9

అందరికీ నమస్కారం. ఒక దినపత్రికలో సబ్ఎడిటర్‌ని. పదేళ్లు దాటింది, జీతం ముప్పై వేల దగ్గరే తిరుగుతోంది. రెండేళ్లుగా రాత్రి డెస్క్ డ్యూటీ, పగలు అనువాదాలు. ఎక్కువ పని ఒక ఏజెన్సీ నుంచి వస్తుంది. మధ్యమధ్యలో ఆరోగ్యం మీద పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థకు కరపత్రాలు, పోస్టర్లు చేస్తుంటాను. కొన్ని నెలలు జీతంతో సమానంగా వస్తోంది, కొన్ని నెలలు దాదాపు ఏమీ ఉండదు.

నిద్ర చాలక ఆరోగ్యం దెబ్బతింటోంది. రెండింట్లో ఒకటి వదలక తప్పదు. మావారికి చిన్న మెడికల్ షాపు ఉంది కాబట్టి ఇల్లు గడుస్తుంది. పాప ఆరో తరగతి, ఫీజులు నా జీతం నుంచే.

తెలుగులో రాసి, అనువదించి నిలకడగా సంపాదిస్తున్నవాళ్లు ఉన్నారా? రేటు ఎలా అడుగుతారు? డబ్బు ఎగ్గొడితే ఏం చేస్తారు? ధైర్యం చెప్పడం కోసం కాకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పడవరేవు (రాజమండ్రి), ఆగస్టు 9

ఉన్నామండీ. పూర్తిగా అనువాదం మీదే ఇల్లు నడుపుతున్నాను, పిల్లలిద్దర్నీ చదివిస్తున్నాను.

మంచి నెల చూసి ఉద్యోగం మానకండి. గత ఏడాది వచ్చినదంతా కూడండి. అందులోంచి ఆ ఏజెన్సీ ఇచ్చింది తీసేయండి. మిగిలినదాన్ని పన్నెండుతో భాగిస్తే వచ్చేదే ప్రస్తుతానికి మీ అసలు బలం. ఏజెన్సీలో మీకు పని పంపే ప్రాజెక్ట్ మేనేజర్ ఉద్యోగం మారితే చాలు, మరుసటి నెల నుంచి మెయిల్ రాదు. మీ పని బాగాలేక కాదు, కొత్తగా వచ్చినవాళ్లకు తెలిసిన అనువాదకులు వేరే ఉంటారు, అంతే. అందుకే ఏ ఒక్కరి దగ్గర్నుంచీ సగం కంటే ఎక్కువ ఆదాయం రాకుండా చూసుకోవాలంటాను.

రేటు గురించి. పదానికి ఎంత అని మాట్లాడేటప్పుడు ఏ భాష పదాలు లెక్కపెడతారో ముందు తేల్చుకోండి. ఇంగ్లిష్‌లో "ఇన్ ద హౌస్" మూడు పదాలు, తెలుగులో "ఇంట్లో" ఒకటే. మన విభక్తులన్నీ పదంలోనే కలిసిపోతాయి కాబట్టి ఇంగ్లిష్‌లో వెయ్యి పదాలున్న ఫైలు తెలుగులోకి వచ్చేసరికి ఏడెనిమిది వందలకు దిగుతుంది. "తెలుగు పదాలకే ఇస్తాం" అన్నవాళ్లు నాలుగో వంతు డబ్బు అక్కడే కోసేసినట్టు. ఎప్పుడూ మూలంలోని పదాలకే రేటు చెప్పండి. పని మొదలుపెట్టకముందే మొత్తం ఎంతో ఇద్దరికీ తెలుస్తుంది కూడా.

నాకు తెలిసినంతలో మన దేశపు ఏజెన్సీలు అర్ధ రూపాయి నుంచి రూపాయి చిల్లర దాకా అంటాయి. నేరుగా సంస్థతో మాట్లాడుకుంటే రెండు రూపాయలు, ఆపైన. వైద్యం, న్యాయం లాంటి పనైతే ఇంకాస్త అడగొచ్చు. జాగ్రత్తగా చేస్తే రోజుకు రెండు వేల పదాలు, మహా అయితే రెండున్నర వేలు. నెలలో ఇరవై రోజులూ పని ఉంటుందనుకుని లెక్క వేయొద్దు. పన్నెండు రోజులకు వేసుకోండి. మిగతా రోజులు కొత్తవాళ్లకు రాయడానికి, సవరణలకు, రావాల్సిన డబ్బు అడగడానికి పోతాయి.

మీ చేతిలో ఇప్పటికే ఉన్న మంచి సంగతి ఆ ఆరోగ్య కరపత్రాలు. పల్లెటూరి తల్లికి అర్థమయ్యేలా రక్తహీనత గురించి, టీబీ మందుల గురించి రాయగలిగినవాళ్లు తక్కువ. ఏజెన్సీ ఫైళ్లు ఎవరైనా చేస్తారు. ఇది మాత్రం డెస్క్‌లో వార్తలు తిరగరాసిన చెయ్యికే వస్తుంది. దీన్ని పట్టుకోండి.

ఓరుగల్లు_పిల్ల, ఆగస్టు 9

అక్కా, నేను సబ్‌టైటిల్స్, డబ్బింగ్ మాటలు రాస్తాను. ఇక్కడ పదం లెక్క ఉండదు. సబ్‌టైటిల్స్‌కు నిడివిలో నిమిషానికి ఇంత అని ఇస్తారు. డబ్బింగ్‌కు ఎపిసోడ్‌కో, సినిమాకో మాట్లాడుకుంటారు. ఓటీటీ సంస్థలు నేరుగా మనతో పెట్టుకోవు. ముంబై, చెన్నై, హైదరాబాద్‌లలోని స్టూడియోలు పని తీసుకుని మనకిస్తాయి.

బయటివాళ్లకు ఇది తేలిక పని అనిపిస్తుంది. తెర మీద రెండు లైన్లే ఉండాలి, చూసేవాళ్లు చదివేలోపు మాయమవుతుంది. తెలుగు పదాలు పొడుగు, అందుకని పాత్ర మాట్లాడినదంతా పెట్టలేం. ఏది వదిలితే కథ చెడదో తెలియాలి. డబ్బింగ్‌లో ఇంకో బాధ. నటుడి పెదాలు కలిసిన చోట మనకూ ప, బ, మ పడాలి. అర్థం సరిపోయిన మాటకు పెదవి కుదరదు, పెదవి కుదిరిన మాట ఆ పాత్ర నోట్లోంచి వచ్చేలా ఉండదు. ఒక్క వాక్యానికి గంట పట్టిన రోజులున్నాయి. నాకు ఈ పనంటే ప్రాణం, అందుకే ఇంత చెబుతున్నా.

నిలకడ విషయానికొస్తే, సీజన్ వస్తే నిద్రుండదు, లేకపోతే నెలన్నర ఖాళీ. రాత్రి డ్యూటీ అలసట తప్పించుకోవడానికే మీరు మానాలనుకుంటే ముందు ఈ రంగం వైపు చూడకండి. స్టూడియో గడువులన్నీ రాత్రిళ్లే.

వేపచెట్టు_నీడ (అనంతపురం), ఆగస్టు 10

నేను కాస్త వేరుగా చెబుతాను. ఉద్యోగం మానొద్దు మేడమ్. అనువాదం పని రోజురోజుకూ యంత్రానికి పోతోంది. నాకు పని ఇచ్చే రెండు ఏజెన్సీలూ ఇప్పుడు ముందే మెషీన్‌తో చేయించి, "సరిదిద్దండి చాలు" అని సగం రేటు ఇస్తున్నాయి. కొందరైతే మూడో వంతే. ప్రభుత్వం భాషిణి అనే యంత్రానువాద వేదిక తెచ్చింది, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ వాళ్లకు అలాంటిదే అనువాదిని ఉంది. ఇంజనీరింగ్ పుస్తకాలు కూడా ముందు యంత్రమే చేస్తోంది, తర్వాతే మనిషి. ఐదేళ్ల తర్వాత ఈ పని ఉంటుందని నమ్మకం లేదు. పిల్ల చదువు పెట్టుకుని ఈ టెన్షన్ అవసరమా?

పడవరేవు, ఆగస్టు 10

వేపచెట్టు గారి భయం నిజమైనదే, కొట్టిపారేయను. మామూలు ఫైళ్లు, సరుకుల వివరాలు, యాప్‌లలో బటన్ల మీది మాటలు ఇప్పటికే పోయాయి. కానీ సరిదిద్దే పని తీసుకునేటప్పుడు పదానికి కాకుండా గంటకు అడగండి. యంత్రం ఇచ్చింది బాగుంటే వాళ్లకు తక్కువవుతుంది. చెత్తగా ఉంటే ఆ భారం మన మీద పడదు. నేను రెండు చోట్ల ఇలా ఒప్పించాను. ఒప్పుకోని చోట వదిలేశాను.

యంత్రం ఇంకా ఎక్కడ తడబడుతుందో రోజూ చూస్తున్నాను. నువ్వు, మీరు తేడా. ఒకే కరపత్రంలో మొదటి పేరాలో "మీరు", నాలుగో పేరాలో "నువ్వు" వస్తుంది. గర్భిణికి చెప్పాల్సిన మాట పరీక్ష పేపర్ ప్రశ్నలా ఉంటుంది. మందు మోతాదులో "రోజు విడిచి రోజు" అన్నది "ప్రతిరోజూ" అయిపోయి రావడం నేను పట్టుకున్నాను. అలాంటిది ఎవరూ చూడకుండా ఊళ్లోకి వెళితే ఏమవుతుందో ఆలోచించండి. ఆ బాధ్యత తీసుకునే మనిషికి డబ్బిచ్చే సంస్థలు ఉన్నాయి. తక్కువే, కానీ ఉన్నాయి. వాటిని వెతుక్కోవడమే ఇప్పుడు మన పని.

డల్లాస్_తెలుగు, ఆగస్టు 10

ఇక్కడి సంగతి ఒకటి చెబుతాను, మీకు పనికొస్తుంది. అమెరికాలో ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు ఇంగ్లిష్ రాని రోగులకు భాషాసాయం ఇవ్వాలని చట్టం ఉంది. మా అమ్మానాన్నల వయసువాళ్లు ఇక్కడ చాలామంది ఉంటున్నారు కాబట్టి తెలుగులో సమ్మతి పత్రాలు, డిశ్చార్జి సూచనలు అవసరమవుతున్నాయి. ఈ పని ఇక్కడి ఏజెన్సీల ద్వారా ఇండియాకూ వస్తుంది. ఆరోగ్య కరపత్రాలు చేసిన అనుభవం మీ వివరాల్లో మొదటి లైన్‌లోనే ఉండాలి. "అన్ని రకాల అనువాదాలూ చేస్తాను" అని రాస్తే ఎవరూ ఆగి చూడరు.

ప్రోజ్ డాట్ కామ్ అనే అనువాదకుల సైట్‌లో పేరు నమోదు చేసుకోండి. అక్కడ బ్లూ బోర్డు అని ఉంటుంది. ఏ ఏజెన్సీతో మళ్లీ పనిచేస్తారో అనువాదకులే మార్కులు వేస్తారు. కొత్త ఏజెన్సీ నుంచి మెయిల్ రాగానే ముందు అక్కడ చూసి, తర్వాతే జవాబివ్వండి.

గుంటూరు_గోపి, ఆగస్టు 10

మోసాల గురించి కూడా. ఇంట్లో కూర్చుని పీడీఎఫ్ టైపింగ్, రిజిస్ట్రేషన్‌కు ఇంత కట్టండి అనే ప్రకటనలు వాట్సాప్‌లో తెగ తిరుగుతున్నాయి. కట్టాక కొంత పని ఇస్తారు, తప్పులున్నాయంటారు, అగ్రిమెంట్ ఉల్లంఘించారని లాయర్ నోటీసు లాంటిది పంపి ఇంకా లాగుతారు. మా చెల్లెలి స్నేహితురాలు భయపడి కట్టేసింది. పని ఇచ్చేవాడికి మనం డబ్బు కట్టే పరిస్థితి ఏ రంగంలోనూ ఉండదు. అలాంటి నోటీసు వస్తే కట్టకుండా 1930కి ఫోన్ చేయండి, సైబర్ నేరాల నంబరు.

శాంపిల్ పేరుతో ఇంకోటి జరుగుతుంది. రెండు మూడు వందల పదాల పరీక్ష మామూలే. రెండు వేల పదాలు ఉచితంగా చేయమంటే పుస్తకాన్ని ముక్కలు చేసి తలా ఒకటి పంచారేమో అనుమానించాల్సిందే.

కథలబావి (విశాఖ), ఆగస్టు 11

సొంత రచన గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను. వారపత్రికల పారితోషికం మీద ఇల్లు నడవదు. కథల కోసం, పేరు కోసం రాయండి, ఆదాయం లెక్కలో వేయకండి. ఇప్పుడు డబ్బు ఉన్నది ఆడియో సీరియళ్లలో. ఎపిసోడ్‌కు ఇంత అని ఇస్తారు, వారానికి ఐదారు ఎపిసోడ్లు అడుగుతారు, కథ నడిస్తే వందల ఎపిసోడ్లు సాగుతుంది. ప్రతి ఎపిసోడ్ చివరా వినేవాళ్లు ఆగలేని చోట ఆపాలి. పాత సీరియల్ నవలలు చదివి పెరిగినవాళ్లకు ఆ ఒడుపు బాగా తెలుసు. ఒక్క ఇబ్బంది, ఆరు నెలలు ఒకే సీరియల్ రాస్తే మనసు వేరే ఏదీ రాయనివ్వదు. అందుకని రెండు సీరియళ్ల మధ్య కొంత విరామం అడిగి తీసుకుంటున్నాను. ఆ విరామంలోనే నా కథలు వస్తున్నాయి.

రిటైరైన అధికారులు, వ్యాపారవేత్తల ఆత్మకథలు రాసిపెట్టే పని కూడా ఉంది. పుస్తకం మీద మన పేరుండదు. మూడు వాయిదాల్లో డబ్బు తీసుకోండి: మాట్లాడుకున్న రోజు, సగం అయ్యాక, ఆఖరి ప్రతి ఇచ్చేముందు. ఇంటర్వ్యూలు ఎన్ని గంటలో, సవరణలు ఎన్నిసార్లో ముందే రాసుకోవాలి. లేకపోతే ఆయన బాల్యం దగ్గరే ఏడాది గడిచిపోతుంది.

ఒక ఆడియో ఒప్పందంలో "అన్ని మాధ్యమాలు, శాశ్వతంగా" అని ఉంది. సంతకం చేయాల్సి ఉంది. చట్టం తెలిసిన నల్లకోటు గారు ఉంటే చెప్పండి.

నల్లకోటు (హైదరాబాద్), ఆగస్టు 11

కథలబావి గారూ, ఆగండి, అప్పుడే సంతకం చేయకండి.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 2012లో రచయితలకు మేలు చేసే సవరణలు వచ్చాయి. ఫ్రీలాన్సర్ రాసినదానికి మొదటి హక్కుదారు రాసినవాళ్లే. ఉద్యోగిగా రాసినదాని సంగతి వేరు. ఆ హక్కు ఇంకొకరికి పోవాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. వాట్సాప్‌లో "ఓకే" అన్నంత మాత్రాన హక్కులన్నీ బదిలీ కావు.

ఒప్పందంలో కాలం రాయకపోతే ఐదేళ్లే. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే. తీసుకున్నవాళ్లు ఏడాదిలోపు ఆ హక్కు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే గడువు లేకపోతే, అది రద్దవుతుంది. ఇవన్నీ పందొమ్మిదో సెక్షన్‌లో ఉన్నాయి. ఒప్పందంలో ఏమీ రాయకపోతే చట్టం మీవైపే ఉంటుంది. అందుకే అవతలివాళ్లు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాయించుకుంటారు. ఆ మాటలు కొట్టేసి "ఆడియో మాధ్యమానికి మాత్రమే, తెలుగులో, ఇన్నేళ్లకు" అని మార్చమని మెయిల్ పెట్టండి. పూర్తిగా ఒప్పుకోకపోయినా పుస్తకం, సినిమా, వెబ్ సిరీస్ హక్కులు మీ దగ్గర ఉంచుకోవడానికి గట్టిగా పట్టుబట్టండి. సీరియల్ హిట్టయితే అసలు డబ్బు అక్కడే వస్తుంది. ఇతర భాషల అనువాద హక్కు కూడా వేరే హక్కే, దానికి వేరే ధర.

యాభై ఏడో సెక్షన్ ప్రకారం రచన మీదని చెప్పుకునే హక్కు, దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు, కాపీరైట్ అమ్మేశాక కూడా మీకే ఉంటాయి. అనువాదకులకూ ఇది వర్తిస్తుంది. పుస్తకం అనువదించినవాళ్లు లోపలి పేజీలో పేరు ఉండాలని ఒప్పందంలో రాయించుకోండి.

సినిమా, సిరీస్‌లకు పనికొచ్చే కథ అయితే ఎవరికైనా చెప్పేముందు తెలుగు సినీ రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించండి. కథ ఆ తేదీకే మీ దగ్గర ఉందనడానికి అది ఆధారమవుతుంది.

మూడోపేజీ, ఆగస్టు 11

అందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు చాలా థాంక్స్. పడవరేవు గారు చెప్పిన లెక్క వేశాను. ఏజెన్సీ తీసేస్తే నెలకు ఏడు వేలు కూడా రావట్లేదు. బాధగా ఉంది కానీ తెలిసింది, అది మేలు. అదే ఏజెన్సీ నుంచి ఏప్రిల్ బిల్లు ఇంకా రావాలి. ఫోన్ చేస్తే "అకౌంట్స్‌లో ఉంది" అంటున్నారు. పని పోతుందేమోనని గట్టిగా అడగలేకపోతున్నాను.

లెక్కలపద్దు (విజయవాడ), ఆగస్టు 12

మేడమ్, నేను ట్యాక్స్ ప్రాక్టీస్ చేస్తాను, నా క్లయింట్లలో రచయితలు, అనువాదకులు ఉన్నారు. మీ ఏప్రిల్ బిల్లుతోనే మొదలుపెడతాను.

చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి. ఆధార్, పాన్ ఉంటే ప్రభుత్వ పోర్టల్‌లో పైసా ఖర్చు లేకుండా అవుతుంది. డబ్బు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. దాంతో మీరు చట్టం దృష్టిలో సూక్ష్మ సంస్థ. 2006 నాటి చిన్న సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం పని తీసుకున్నవాళ్లు ఒప్పందం ఉంటే అందులోని గడువులోపు, ఎంత పెద్ద గడువు రాసుకున్నా 45 రోజులకు మించకుండా ఇవ్వాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఇవ్వకపోతే ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఏప్రిల్ పని రిజిస్ట్రేషన్‌కు ముందు చేసింది కాబట్టి ఆ బిల్లుకు ఇది వర్తించడం కష్టం. ఇకముందు చేసేవాటికి పనికొస్తుంది.

కంపెనీల అకౌంట్స్ విభాగాలను కదిలించేది ఇంకోటి ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. చిన్న సంస్థలకు ఆ గడువులోపు చెల్లించకపోతే, చెల్లించేదాకా ఆ ఖర్చును కంపెనీ తన లెక్కల్లో తగ్గించుకోలేదు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు కనిపిస్తే వాళ్ల ఆడిటరే అడుగుతాడు. మీరు గొడవ పడక్కర్లేదు, నంబరు వేస్తే చాలు. పని పోతుందన్న భయం అర్థమవుతోంది, కానీ నాలుగు నెలలుగా డబ్బివ్వని చోటును ఆదాయంగా లెక్కేసుకోలేం కదా.

పన్ను సంగతి. ఒక కంపెనీ మీకిచ్చేది ఏడాదిలో 50 వేలు దాటితే మామూలుగా పది శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టుకుంటుంది. దాన్ని చాలామంది వదిలేస్తున్నారు, నాకు అదే బాధ. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదు కాబట్టి రిటర్న్ వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. మీకు జీతం కూడా ఉంది కాబట్టి రెండూ కలిపి చూపించాలి. రేపు ఉద్యోగం మానాక ఇంటి లోను కావాలంటే బ్యాంకు అడిగేవి కూడా ఈ రిటర్న్‌లే.

1961 ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ కింద వచ్చినదాంట్లో సగమే ఆదాయంగా చూపించొచ్చని యూట్యూబ్‌లో అందరికీ చెబుతున్నారు. ఆ సెక్షన్ పేర్కొన్న వృత్తులకే. సినిమా కథ, స్క్రీన్‌ప్లే, మాటలు, పాటలు రాసేవాళ్లు ఆ జాబితాలోకి వస్తారు. కరపత్రాలు అనువదించేవాళ్ల పేరు అందులో లేదు. మీ సీఏతో మాట్లాడకుండా వాడకండి. జీఎస్టీ గురించి ఇప్పుడే కంగారు వద్దు, ఏడాదికి 20 లక్షలు దాటినప్పుడు చూసుకోవచ్చు.

వేపచెట్టు_నీడ, ఆగస్టు 12

ఉద్యమ్ గురించి నాకు తెలియదు, ఈరోజే చేసుకుంటాను. పడవరేవు గారు చెప్పిన గంట రేటు కూడా అడిగి చూస్తాను. ఉద్యోగం విషయంలో మాత్రం నా మాట అదే మేడమ్.

కథలబావి, ఆగస్టు 13

నల్లకోటు గారికి కృతజ్ఞతలు. మెయిల్ పెట్టాను. సినిమా, పుస్తకం హక్కులు వదిలేశారు. కాలం "శాశ్వతంగా" నుంచి ఏడేళ్లకు తగ్గించారు. ఎపిసోడ్ రేటులో మార్పు లేదు. అడిగితే కోపం తెచ్చుకుంటారనుకున్నాను, మర్యాదగానే మాట్లాడారు.

మూడోపేజీ, ఆగస్టు 14

మావారితో కూర్చుని మాట్లాడాను. ఇప్పుడే మానడం లేదు. పగటి షిఫ్టు ఇవ్వమని డెస్క్ ఇన్‌ఛార్జిని అడిగాను. జీతం కొంత తగ్గినా ఫర్వాలేదన్నాను, వచ్చే నెల నుంచి చూద్దామన్నారు. ఏజెన్సీకి ఏప్రిల్ బిల్లు వచ్చేదాకా కొత్త ఫైలు తీసుకోనని రాశాను. ఆరోగ్య కరపత్రాలు నాలుగు మంచివి ఎంచి, సంస్థ అనుమతి తీసుకుని, నమూనాగా మరో పది సంస్థలకు పంపబోతున్నాను. నెలకు పాతిక వేలు ఏజెన్సీ లేకుండా, వరసగా ఆరు నెలలు వస్తే అప్పుడు రాజీనామా.

ఒక చిన్న సందేహం. ఇన్వాయిస్ మీద ఏమేం ఉండాలి? ఇన్నాళ్లూ మెయిల్‌లో మొత్తం రాసి పంపుతున్నాను.

లెక్కలపద్దు, ఆగస్టు 14

మెయిల్‌లో అంకె రాస్తే సరిపోదు మేడమ్, పీడీఎఫ్ పంపండి. వరస నంబరు, తేదీ, మీ పేరు, చిరునామా, పాన్, ఉద్యమ్ నంబరు, వాళ్ల పేరు, చిరునామా ఉండాలి. పని వివరం స్పష్టంగా రాయండి: ఏ ఫైలు, మూలంలో ఎన్ని పదాలు, పదానికి ఎంత, ఏ తేదీన అందజేశారు. కింద చెల్లింపు గడువు తేదీ, బ్యాంకు ఖాతా, ఐఎఫ్ఎస్‌సీ. పని అందినట్టు వాళ్లు పంపిన మెయిల్‌ను అదే ఫోల్డర్‌లో దాచుకోండి, రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే మొదట అడిగేది అదే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆ గడి పెట్టొద్దు, ట్యాక్స్ ఇన్వాయిస్ అని కూడా రాయొద్దు. ఇన్వాయిస్ అంటే చాలు.